'రంది' నుంచి 'డిప్రెషన్' దాకా: 'అసమర్థుని జీవయాత్ర' పఠనంలో రోగనిర్ధారణ సమస్య

ఉపోద్ఘాతం:
మనసు బాగాలేని మనిషిని గురించి భువనగిరి ప్రాంత వాడుకలో 'రంది పడుతున్నడు', 'మనాది పట్టుకున్నది' అంటారు. 'రంది' అనగానే 'దేనికి?' అని అడుగుతాం: అప్పుకా, పంటకా, బిడ్డ పెళ్లికా? 'డిప్రెషన్' అనగానే 'ఏ మందు వాడుతున్నాడు?' అని అడుగుతాం. రెండూ అవసరమైన ప్రశ్నలే. మొదటిదాన్ని రెండవది మింగివేసినప్పుడే చిక్కు. త్రిపురనేని గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' నవలలోని సీతారామారావును డిప్రెషన్ రోగిగా చదవడంలో ఉన్న చిక్కు ఇదే.

విశ్లేషణ:
సీతారామారావు వంశప్రతిష్ఠ కోసం ఆస్తిని కరగబెట్టుకుంటాడు. ఆ తరువాత ఉద్యోగంలోనూ సంసారంలోనూ ఇమడలేకపోతాడు. తన పతనానికి కారణాలను ఎడతెగకుండా తర్కించుకుంటాడు. అతనికి రోగి అని పేరు పెడితే ఆ తర్కమంతా రోగలక్షణంగా మారుతుంది. ఆస్తి, కుటుంబం, ప్రతిష్ఠలపై గోపీచంద్ చేసిన విమర్శ మరుగున పడుతుంది. నిర్ధారణను ప్రశ్నించే నిజజీవితపు రోగికీ ఇదే ఎదురవుతుంది: అతని సందేహాన్ని కూడా జబ్బు ఖాతాలోనే వేస్తారు.

ఈ నవల 1940లలో వచ్చింది. తొలి డిప్రెషన్ మందులలో ఒకటైన ఇమిప్రమైన్ ప్రభావాన్ని స్విస్ వైద్యుడు రోలాండ్ కూన్ ప్రకటించింది 1957లో. నిర్ధారణ హద్దులు కూడా మారుతూ వచ్చినవే. ఆప్తులను కోల్పోయిన తొలి రోజుల దుఃఖానికి అమెరికన్ మనోవైద్య వర్గీకరణలో ఉన్న మినహాయింపును 2013లో తొలగించారు. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 3వ సెక్షన్ మరొక హద్దు గీసింది. దాని ప్రకారం సమాజంలో చెల్లుబాటయ్యే నైతిక, సాంఘిక, పని విలువలకు ఒదగకపోవడం మానసిక వ్యాధి నిర్ధారణకు ఆధారం కారాదు. 'అసమర్థుడు' అన్న పేరు అటువంటి ఒదగనితనానికి సమాజం పెట్టినదే.

అయితే ఈ వాదన మందుల నిరాకరణ కాదు. సెరొటోనిన్ లోపమే డిప్రెషన్‌కు కారణమనడానికి నిలకడైన ఆధారం లేదని జొయానా మొన్‌క్రీఫ్ బృందం 2022లో తేల్చింది. అంతమాత్రాన మందు పనిచేయదని అర్థం కాదు. మందుతో తేరుకున్నవారు ఉన్నారు. దుష్ఫలితాలతో ఇబ్బంది పడినవారూ ఉన్నారు. హఠాత్తుగా మానితే తలతిరుగుడు, నిద్రలేమి, ఆందోళన వంటి బాధలు కలగవచ్చు. కనుక సందేహం వచ్చినవారు మందు మానవలసింది తమంతట తాముగా కాదు, వైద్యునితో మాట్లాడి.

ముగింపు:
వైద్యుడు నిర్ధారణ చేసేది ఎదుట కూర్చున్న మనిషికి. ఆ మనిషి మారుమాట చెప్పగలడు. సీతారామారావు చెప్పలేడు. అతని పక్షాన 'దేనికి రంది?' అని అడగడమే విమర్శకుని పని.