ఆకాశానికి దివిటీ పట్టినవాళ్లు

ఆస్ట్రేలియాలోని డార్విన్ పట్టణం మీద జపాన్ బాంబులు మొదట పడింది 1942 ఫిబ్రవరి 19న, పట్టపగలు. తర్వాత రాత్రి దాడులూ మొదలవడంతో ఆస్ట్రేలియా సెర్చ్‌లైట్ దళాలకు చేతినిండా పని. చీకట్లో మోతను బట్టి విమానం జాడ పట్టాలంటే ఒక చిక్కుంది: ఐదు కిలోమీటర్ల ఎత్తు నుంచి శబ్దం నేలకు చేరడానికి దాదాపు 15 సెకన్లు పడుతుంది. ఈలోగా విమానం ముందుకెళ్లిపోతుంది. అంచనా కట్టి, అది ఉండబోయే చోట వెలుగు వెయ్యాలి. రాడార్ వచ్చాక ఆ తిప్పలు తగ్గాయి. లైట్లలో కాలి తరిగిపోయే కార్బన్ కడ్డీలు మార్చడం, జనరేటర్ ఆగకుండా చూసుకోవడం మాత్రం తప్పలేదు.

పేరంతా ఆ వెలుగులో విమానాల మీద ఫిరంగులు పేల్చినవాళ్లకే పోతుంది. నన్నడిగితే గుండెదిటవు దీపం వేసినవాళ్లదే. ఆ వెలుగు ఎక్కడ మొదలైందో పైనున్న శత్రువుకూ తెలిసిపోతుంది మరి! సైన్యంలో చేరిన ఆడవాళ్లూ ఆస్ట్రేలియా గడ్డమీద ఈ లైట్లు నడిపారు.