ఇంకొకరు రాసిన ప్రార్థన

మార్చి మొదటి శుక్రవారం వస్తే మా ఊళ్లో సి.ఎస్.ఐ. స్త్రీల మైత్రి వాళ్లు, లూథరన్ స్త్రీ సమాజం వాళ్లు, బాప్టిస్టు అక్కలు, ఒక్కోసారి కేథలిక్ సిస్టర్లు ఒకే చర్చిలో కూర్చుంటారు. మిగతా ఏడాదంతా ఎవరి గుడి వాళ్లది. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒక్కటై దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు మన లూథరన్లు, బాప్టిస్టులు బయటే ఉండిపోయారు. బాప్తిస్మం చిలకరింపా, ముంచుడా అన్న తగవు ఇప్పటికీ తెగలేదు.

ఆ శుక్రవారం ప్రపంచ ప్రార్థన దినం. 1887లో అమెరికాలో ప్రెస్బిటేరియన్ స్త్రీలు మొదలుపెట్టిన ప్రార్థన రోజుల్లోంచి పుట్టింది. 1927 నుంచి అన్ని దేశాలదీ అయింది, ఇప్పుడు 170కి పైగా దేశాల్లో జరుగుతోంది. ఏటా ఒక దేశపు స్త్రీలు ఆరాధన క్రమం రాస్తారు. ఆ రోజు లోకమంతా చదివేది దాన్నే. 2025లో రాసింది కుక్ దీవుల వాళ్లు. పసిఫిక్ సముద్రంలో ఉన్న ఆ దీవుల జనాభా సుమారు 15 వేలు, మన దగ్గర ఒక పెద్ద గ్రామమంత. ఈ పద్ధతిలో ఉన్న నేర్పంతా ఇదేనని నా నమ్మకం: ఆ రోజు మన నోటికి మన మాటలు ఉండవు.

చదివేది కూడా ప్రార్థనేనా అని పెంతెకొస్తు అక్కలు అడుగుతారు. అడగదగ్గ ప్రశ్నే. కానీ మన నోటికి వచ్చింది చేసుకుంటే పిల్లల పరీక్షలు, మోకాళ్ల నొప్పులు, అల్లుడి వీసా దాటి ఎంత దూరం పోతాం? 2021లో వనువాటు స్త్రీల వంతు. క్రమంతో పాటు వచ్చే బొమ్మను ఆ దేశపు చిత్రకారిణి పామ్ తుఫానును తలుచుకుని వేసింది. అందులో ఒక తల్లి ఎగసిపడే అలల మధ్య బిడ్డ మీదికి వంగి ప్రార్థిస్తోంది. 1977 నాటి దివిసీమ ఉప్పెన ఎరిగిన మన పెద్దావిడలకు ఆ బొమ్మను ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ఆశువుగా చేస్తే మాత్రం వనువాటు పేరు వాళ్ల నోట వచ్చేది కాదు.

అన్ని ఏళ్లూ ఇంత తేలిక కాదు. 2024 క్రమాన్ని పాలస్తీనా క్రైస్తవ స్త్రీలు రాశారు, అదీ 2023 అక్టోబర్ 7న ఇజ్రాయెల్‌పై హమాస్ దాడికి ముందే. వాళ్లు ఎంచుకున్న వాక్యం ఎఫెసీ పత్రికలోది, ప్రేమతో ఒకరినొకరు సహించమనేది. యుద్ధం వచ్చిపడ్డాక జర్మనీ కమిటీ ఆ ఏటి బొమ్మను పక్కన పెట్టి, క్రమాన్నీ సవరించింది. యూదుల విషయంలో జర్మనీకి ఉన్న చరిత్ర చిన్నది కాదు, వాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. అయినా వాళ్లు చేసింది తప్పనే అంటాను. మనకు రుచించినంతే చదివేటట్టయితే ఇంకొకరి చేత రాయించడం దేనికి?

జర్మన్ల సంగతి సరే, మనమూ తక్కువ తినలేదు. క్రమంలో ఆ దేశపు స్త్రీలు తమ బతుకుల గురించి చెప్పుకున్న భాగం ఉంటుంది, దానికి ఆయువుపట్టు అదే. మన దగ్గర ముందుగా కత్తెర పడేది దానిమీదే. ‘టైము లేదమ్మా’ అంటారు. ముఖ్య అతిథిగా వచ్చిన అయ్యగారి ప్రసంగానికి, శాలువాలకు, ఫొటోలకు మాత్రం టైము ఉంటుంది.

పాటల దగ్గర పేచీ లేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం అందరి ఇళ్లలోనూ ఉంది. పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఎత్తుకుంటే లూథరన్ ఎవరో బాప్టిస్టు ఎవరో గొంతును బట్టి చెప్పలేం. ప్రభు భోజనపు బల్ల దగ్గర మాత్రం ఇంకా విడివిడిగానే ఉన్నాం. ఆ రోజు దాన్ని పెట్టకపోవడమే మర్యాద. లేని ఐక్యతను ఉన్నట్టు చూపించుకోనక్కర్లేదు.

2026 క్రమం నైజీరియా స్త్రీలది. ఆ తర్వాత ఇంకో దేశం. కూటం నడిపించే అమ్మలకు నాదొక్కటే మనవి: కాగితంలో ఉన్నదంతా చదివించండి, కావాలంటే అయ్యగారి ప్రసంగాన్ని కుదించండి.