బొమ్మ చిన్నపిల్లలదేనా?

అక్షరం రాని పిల్లలకు బొమ్మల పుస్తకం ఊతకర్ర అనీ, అక్షరం వచ్చాక దాన్ని పారెయ్యాలనీ మన బడుల్లో పాతుకుపోయిన నమ్మకం. తొమ్మిదో తరగతికి అటువంటి పుస్తకం తీసుకెళితే, "మేస్టారూ, ఇదేటి, చంటిపిల్లల పుస్తకం?" అని ఒక కుర్రాడు చిన్నబుచ్చుకున్నాడు. తప్పు వాడిది కాదు. ఆ వయసులో కుందేలు కథ చేతిలో పెడితే అవమానమే. అయితే లోపం బొమ్మలో లేదు, వస్తువులో ఉంది.

అన్వేషి సంస్థ 2008లో తెచ్చిన బొమ్మల కథల్లో గోగు శ్యామల రాసిన తాటకి కథ ఉంది. పొలానికి నీళ్లు కట్టబోయిన దళిత బాలిక భూస్వామిని ఎదిరిస్తుంది. పురాణం రాక్షసికిచ్చిన పేరు ఇక్కడ గెలిచిన పిల్లకు దక్కింది. ఇది పెద్దపిల్లలు చదివి చర్చించవలసిన కథ.

మన శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య చందమామ ముఖచిత్రాలతో కొన్ని తరాలకు రంగుల రుచి నేర్పారు. ఆయన కుంచె గొప్పదే. కాని ఆ అట్టల మీద ఎక్కువగా కనిపించేది పురాణలోకం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, బొమ్మలో ఎవరున్నారు, ఎవరు లేరు అని అడగాలి. సాహిత్య విమర్శకు అదే తొలిపాఠం.

కొత్తవలస పిల్లలు కిరండూల్ లైను మీద ఇనుప ఖనిజం గూడ్సులు చూస్తూ పెరుగుతారు. "ఆ రాయి తవ్వినోడి బొమ్మ ఏ పుస్తకంలో ఉంది మేస్టారూ?" అని తరవాత అడిగింది ఆ కుర్రాడే.

బొమ్మ అక్షరానికి బదులు కాదు. బొమ్మ చూపించి చదువు అయిందనిపిస్తే నష్టపోయేది పేదపిల్లలే. ఆ ప్రశ్నకు జవాబు వాళ్లచేతే రాయించాలి.