యానాంకి బండెక్కేదెవరు?

రైలు సిమ్యులేటర్ ఆటకి కొత్త రూటు ప్రతిపాదించమంటే కుర్రాళ్లు ముందు మ్యాపు మీద గీత గీస్తారు. రెండు దేశాలు కలిసే చోటైతే ఉత్సాహం మరీ ఎక్కువ. ఇటో జెండా, అటో జెండా, మధ్యలో ఓ గేటు పెట్టేసి రూటు అయిపోయిందంటారు. నాకూ ఈ పిచ్చి ఉంది. రిటైరయ్యాక మధ్యాహ్నం కునుకు మానేసి కంప్యూటర్లో ఓపెన్ రైల్స్ అనే సిమ్యులేటర్ పెట్టుకుని కూర్చునే రకాన్ని. ఆ కూర్చోవడంలో నాకు అర్థమైంది ఒకటే. పట్టాలు ఎక్కడైనా పరచొచ్చు గానీ, సరిహద్దు నిజమనిపించాలంటే దాన్ని దాటక తప్పని మనుషులు బండిలో ఉండాలి.

2001లో మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్ ఆరు రూట్లతో వచ్చింది. వాటిలో ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ నడిచేది ఇన్స్‌బ్రుక్ నుంచి సెంట్ ఆంటన్ దాకా. రెండూ ఆస్ట్రియాలోని ఊళ్లే. దేశాలు దాటడానికే పుట్టిందని పేరుపడ్డ బండి ఆ ఆటలో ఒక్క సరిహద్దూ దాటదు. రూట్లు కట్టే అలవాటున్నవాళ్లకి ఇందులో వింతేం లేదు. సరిహద్దంటే రెండు రకాల సిగ్నళ్లు, రెండు రకాల ఇంజన్లు, రెండు రూలు పుస్తకాలు. చాకిరీ రెట్టింపవుతుంది, చూసేవాడికి కనబడేది మాత్రం ఓ బోర్డు.

నరసాపురంలో ఉన్నవాడికి సరిహద్దు ఎక్కడిది అని అడగొచ్చు. మా స్టేషన్‌తో పట్టాలు అయిపోతాయి, అవతల వశిష్ఠ గోదావరి. మాధవాయిపాలెం రేవులో పంటెక్కితే సఖినేటిపల్లిలో దిగుతాం. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీ వాళ్లు స్థావరం పెట్టుకుని, ఓడలు కట్టించుకున్న రేవు ఇది. ఇక్కణ్నుంచి కోనసీమ మీదుగా కోటిపల్లి దాకా 57 కిలోమీటర్ల లైను 2000-01లో మంజూరైంది. దాని కోసం పట్టుబట్టిన జి.ఎం.సి. బాలయోగి 2002లో పోయారు. వశిష్ఠ, వైనతేయ, గౌతమి మూడింటి మీదా వంతెనలు కావాలి. పనులు ఏళ్లకేళ్లు సాగుతూనే ఉన్నాయి. కోటిపల్లి నుంచి కాకినాడకి 45 కిలోమీటర్ల లైను మాత్రం ముందే ఉంది. 1928లో వేశారు, 1940లో యుద్ధావసరాలకని పట్టాలు పీకేశారు, 2004లో మళ్లీ నడిపారు.

ఆ 1928, 1940ల మధ్య కాలమే నాక్కావలసింది. అప్పుడు ఆ లైను మీదున్న ద్రాక్షారామానికి దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో పరాయి దేశం ఉండేది. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న యానాం. వైశాల్యం ముప్పై చదరపు కిలోమీటర్లు, మాట్లాడేది మన తెలుగే. ఫ్రెంచి యానాంకి రైలు ఎన్నడూ లేదు. ఆటలో వేద్దామన్నదే నా ప్రతిపాదన.

ప్రతిపాదనలో ఏది నిజమో ఏది ఊహో ముందే రాసెయ్యాలి. కాకినాడ–కోటిపల్లి లైను నిజం. దానికి నేను కలుపుతున్న ఊహలు రెండు: కోటిపల్లి–నరసాపురం వంతెనలు 1930 నాటికే కట్టేశారనుకోవడం, ద్రాక్షారామం నుంచి యానాంకి ఓ కొమ్మ లైను వేశారనుకోవడం. మొదటిది మరీ గాలిమాటేం కాదు. రాజమండ్రి దగ్గర అఖండ గోదావరి మీద హేవలాక్ వంతెన 1900లోనే పూర్తయింది. చేతకాకపోవడం కాదు, అంత డబ్బు పెట్టి ఎవరి కోసం కట్టాలన్నదే ఇంజనీర్లకి ఎదురయ్యే ప్రశ్న. రూటు ప్రతిపాదించేవాడికీ అదే ప్రశ్న.

ఇక నేల సంగతి. ఓపెన్ రైల్స్‌లో భూమిని రెండు కిలోమీటర్ల చిల్లర గళ్లుగా కోసి, ఒక్కో గడికీ ఎత్తులు ఎక్కిస్తారు. ఆ ఎత్తులకి అందరం వాడేది 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక రాడార్‌తో తీసిన లెక్కలు. కొండ ప్రాంతానికవి బంగారం. కోనసీమకొచ్చేసరికి తిరకాసు పెడతాయి. రాడార్ కిరణాలు కొబ్బరిమట్టల దగ్గరే చాలావరకు వెనక్కి తిరిగిపోవడంతో తోటలున్న చోట నేల లేచినట్టు, వరిచేలున్న చోట పల్లంలా కనబడుతుంది. ఆ లెక్కల్నే నమ్మి పట్టాలు పరిస్తే అమలాపురం దగ్గర బండి ఘాట్ రోడ్డెక్కినట్టు ఎక్కిదిగుతుంది. అందుకని నేలనంతా చేత్తో చదును చెయ్యాలి. ఆ తర్వాత కాలవగట్లు లేపాలి, వంతెనకి రెండు పక్కలా కట్ట పొయ్యాలి. పడవల తెరచాపలకి చోటుండేలా వంతెన ఎత్తు లెక్కెయ్యాలి. డెల్టాలో ఇంజను ఆయాసపడేది ఆ కట్ట ఎక్కేటప్పుడు ఒక్కచోటే. డ్రైవరుగా ఆడేవాడి చేతికి పని తగిలేదీ అక్కడే.

సరిహద్దు స్టేషన్ ఎలా పనిచెయ్యాలన్నదానికి మనకో పాత నమూనా ఉంది. 1879లో విల్లుపురం నుంచి ఫ్రెంచి పుదుచ్చేరికి మీటర్ గేజి లైను పడింది. దాన్ని నడిపింది సౌత్ ఇండియన్ రైల్వే. అంటే నేల ఫ్రెంచివాళ్లది, బండి ఇంగ్లీషు కంపెనీది. ఆ లెక్కన యానాం కొమ్మని మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేకి అప్పజెప్పొచ్చు. అప్పట్లో బెజవాడ–వాల్తేరు లైను వాళ్లదే. దీంతో సిగ్నళ్లూ ఇంజన్లూ రెండు రకాలు చేసే బాధ తప్పింది.

తనిఖీ ఎక్కడ పెట్టాలన్నది ఇంకో ముడి. కోల్‌కతా–ఢాకా మైత్రీ ఎక్స్‌ప్రెస్ 2008లో మొదలైనప్పుడు సరిహద్దులో గెదె, దర్శన స్టేషన్ల దగ్గర జనాన్ని దింపి సామాన్లు సోదా చేసేవారు. గంటలు పట్టేది. 2017 నవంబరు నుంచి తనిఖీలు బయల్దేరే చోటికీ దిగే చోటికీ మార్చాక ప్రయాణం కురచైంది. ప్రయాణికుడికి అది సుఖం, ఆటకి నష్టం. అందుకే నేను తనిఖీని పొలిమేరలోనే పెట్టాను. దానికి తోడు, సింగిల్ లైనులో డ్రైవరు చేతికి ఇనప బంతి టోకెన్ వస్తేగాని బండి కదలదు. రెండు కొసల్లోని యంత్రాలూ తీగతో ముడిపడి ఉంటాయి. అవతలి స్టేషన్ ఒప్పుకుంటేనే ఇవతల బంతి బయటికొస్తుంది. ద్రాక్షారామంలో ఇంగ్లీషు కంపెనీ మాస్టరు మీట నొక్కి, ఫ్రెంచి నేల మీదున్న మాస్టరు గంట కోసం కాచుకోవాలి. జెండా గుడ్డల కంటే ఆ నిరీక్షణలోనే పరాయి దేశం బాగా తెలుస్తుంది.

ఇంతా చేశాక బండి ఖాళీగా పోకూడదు కదా. యానాం మంగళవారం సంతకి పరదేశపు సరుకు కోసం చుట్టుపక్కల జనం ఎగబడేవారు, కాబట్టి వారానికో సంత బండి. అంతకన్నా పెద్ద గిరాకీ శారదా చట్టం తెచ్చిపెట్టింది. ఆడపిల్లకి 14 ఏళ్లు, మగపిల్లాడికి 18 నిండకుండా పెళ్లి చేస్తే నేరమని 1929లో చేసిన ఆ చట్టం 1930 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చింది. ఫ్రెంచి యానాంలో అది చెల్లదు. ఇటువైపు పెద్దలు పిల్లల్ని వెంటబెట్టుకుని యానాం పోయి మూడుముళ్లూ వేయించుకొచ్చారు. ఊరికి కల్యాణపురమన్న పేరే వచ్చింది. గోదావరి జిల్లాల్లో మనుషులు పనిగట్టుకుని దాటిన దేశపు హద్దు అదే.

మా మేనల్లుడికి ఇది నచ్చలేదు. “మావయ్యా, సరదాగా ఆడుకునేదాంట్లో బాల్యవివాహాలేంటి? మామూలు పాసింజరు బండి పెట్టెయ్” అన్నాడు.

“మామూలు పాసింజరుకి యానాంలో ఏం పనిరా?” అన్నాను.

వాడి బెరుకు న్యాయమైనదే. ఇంజన్లో ఉన్నవాడికి పెట్టెలో ఎవరున్నారో కనబడదు. తలంబ్రాల బియ్యం, బాజాభజంత్రీలు, నిద్రకి తూలుతున్న ఎనిమిదేళ్ల పెళ్లికూతురు, అందర్నీ వేళకి చేర్చినందుకు ఆట మార్కులు వేస్తుంది. ఆ సంగతి దాచిపెట్టి బండి నడిపించడమే నాకు తప్పనిపిస్తుంది. అందుకే ఆట మొదలయ్యే ముందు తెర మీద కనిపించే పరిచయంలో ఎవర్ని తీసుకెళ్తున్నావో, ఏ చట్టాన్ని తప్పించుకోవడానికో తేటగా రాస్తాను. అది చదివి నడపనన్నవాడికి కొబ్బరికాయల గూడ్సు వేరే ఉంటుంది. ఆఖరి ఆట 1940ది. కోటిపల్లి నుంచి పట్టాలు పీక్కుంటూ వెనక్కి వచ్చే సామాను బండి. పట్టా పోయాక యానాం కొమ్మకి ఆధారం ఉండదు, నా ఊహ కూడా అక్కడితో సరి.

టైంటేబుల్ ఒక్కటి మిగిలింది. ఇంగ్లీషు క్యాలెండరుతో అది తెమిలేది కాదు. ఆషాఢంలో పెళ్లి బండ్లుండవు, మూఢంలో ఉండవు, వైశాఖ జ్యేష్ఠాల్లో ఒకే రాత్రి మూడు నాలుగు స్పెషళ్లు పడతాయి. ముహూర్తం తెల్లవారుజామునుంటే పొలిమేరలో తనిఖీ అర్ధరాత్రికల్లా ముగియాలి. 1930–40 మధ్య యానాంలో జరిగిన పెళ్లి శుభలేఖ మీ ఇంటి పాత పెట్టెల్లో ఉంటే, పేర్లు చెరిపేసి, తేదీ, లగ్నం కనబడేలా నకలు ఈ పత్రికకి పంపండి. బండి వేళలు వాటిని చూసే వేస్తాను.