వాలు తెలియని మొరం దారి

ఉమ్మడి నల్లగొండ జిల్లాలో సైకిలు తొక్కడానికి మంచి దారి ఏదంటే నేను నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కట్ట పేరు చెప్తాను. హాలియా దగ్గర ఎక్కి మిర్యాలగూడ వైపు, మూసీ దాటి మునగాల, నడిగూడెం మీదుగా పాలేరు దాకా కాల్వ వెంట సాగే తనిఖీ దారి అది. గేట్లు తిప్పే లస్కర్లు, కట్ట చూసుకునే ఇంజినీర్లు తిరగడానికి, గండి పడితే మట్టి తోలడానికి వేశారు. సైకిలు తొక్కేవాళ్ల సంగతి అప్పట్లో ఎవరికీ తట్టి ఉండదు. పొలానికి పోయే మోటారు సైకిలు, అప్పుడప్పుడూ ఒక ట్రాక్టరు, గొర్ల మంద ఎదురవుతాయి. లారీలు, బస్సుల బెడద దాదాపు లేదు. కింద ఎర్ర మొరం, పక్కన నీళ్లు.

ఈ దారి గొప్పతనం ప్రశాంతతలో ఉందనుకుంటే సగమే చూసినట్టు. అసలు పని దాని మట్టంలో ఉంది.

నల్లగొండ నేల చదును కాదు. గుట్ట, బండ, వాగు, మళ్లీ మిట్ట. తారు రోడ్డు మీద సైకిలు తొక్కితే ఆ సంగతి తొడలకే తెలుస్తుంది: ఎక్కుడు, దిగుడు, మళ్లీ ఎక్కుడు. కట్ట మీదికొస్తే గంటల తరబడి ఎక్కుడన్నదే తగలదు. నేలను ఎవరూ చదును చేయలేదు. ఆ ఎగుడుదిగుళ్ల మధ్య దాదాపు ఒకే ఎత్తులో సాగే గీతను వెతికి పట్టుకున్నారు. నీళ్లు ఎక్కలేవు, కాబట్టి కాల్వ ఎప్పుడూ కొంచెం దిగుతూనే ఉండాలి. వాలు ఎక్కువైతే నీటి వడికి గట్లు కోసుకుపోతాయి. తక్కువైతే ఒండ్రు పేరుకుంటుంది, చివరి ఆయకట్టుకు నీళ్లందవు. పైగా ఎత్తు తొందరపడి వదులుకుంటే ఆ మేరకు ఎగువ పొలాలకు నీళ్లు పోయినట్టే. అందుకే ఇంతటి కాల్వలో కిలోమీటరుకు దిగే ఎత్తును సెంటీమీటర్లలో లెక్కిస్తారు. ఈ కాల్వ వేసిన కాలంలో ఉపగ్రహాల సాయం లేదు. డంపీ లెవెల్, స్టాఫ్ కర్ర, సర్వే గొలుసు పట్టుకొని ఎండలో తిరిగి, బిందువు తర్వాత బిందువు రాసుకొని గీసిన గీత అది. ప్రధాన కాల్వ పొడవు 179 కిలోమీటర్లు. తాపీ మేస్త్రీ గోడ మీద పెట్టే రసమట్టాన్ని అంత పొడవున నేల మీద పరిచినట్టుంటుంది.

మలుపుల సంగతీ అంతే. గుట్ట అడ్డొస్తే చుట్టి, వాగు లోయ వస్తే లోపలికి వంగి పోతుంది కాబట్టి కాల్వ నిజానికి చాలా వంకర. అయినా తల దగ్గర 11,000 క్యూసెక్కుల కోసం తవ్విన కాల్వను గట్టిగా తిప్పకూడదు. తిప్పితే బయటి గట్టును నీళ్లు తినేస్తాయి. కాబట్టి ఒంపును చాలా దూరం లాగి, మెల్లగా తిప్పుతారు. సైకిలు మీద ఉన్నవాడికి హ్యాండిల్ తిప్పిన గుర్తు కూడా ఉండదు. కాసేపటికి చూస్తే ఎదుట ఉన్న సూర్యుడు భుజం పక్కకు జరిగి ఉంటాడు.

ఇక కట్టను చూడాలి. కొన్ని చోట్ల కాల్వ నేలలోకి తవ్వి ఉంటుంది, కొన్ని చోట్ల నేల కంటే ఎత్తున మట్టికట్టల మధ్య పోతుంది. తవ్విన మట్టీ, కట్టకు కావలసిన మట్టీ సరిసమానంగా వచ్చే చోట గీత గీయగలిగితే ఇంజినీరుకు పండుగ: మోత ఉండదు, ఖర్చు తగ్గుతుంది. మట్టిని ఒకేసారి గుట్టగా పోయరు. జానెడు మందం పొర పరిచి, నీళ్లు చల్లి, రోలరుతో తొక్కించి, దాని మీద ఇంకో పొర. నీళ్లు జారనివ్వని బంకమన్ను లోపలికి, వానకు కరగని మొరం పైకి. ఈ ప్రాంతపు మొరం గ్రానైటు బండ శిథిలమై ఏర్పడిన రాతిపొడి. అందులో కొంచెం బంక ఉంటుంది కాబట్టి తడిపి తొక్కిస్తే గట్టిపడుతుంది, టైరును పట్టి ఉంచుతుంది. గ్రావెల్ సైకిళ్లవాళ్లు విదేశాల్లో వెతుక్కునే నేల ఇదే.

దారి మధ్యలో దిగి ఒకసారి కట్టను అడ్డంగా చూడండి. నీళ్ల వైపు అంచున అడుగు ఎత్తు మట్టి గట్టు కనిపిస్తుంది. ఇంజినీర్లు దాన్ని డౌలా అంటారు. జీపు చక్రం జారినా కాల్వలో పడకుండా ఆపేది అదే. దారి కూడా నీళ్ల వైపు కాకుండా బయటి వైపుకు వాలి ఉంటుంది, వాన నీరు కాల్వ లోపలి వాలును కోయకుండా. ఈ రెండూ చెక్కుచెదరకుండా ఉన్న చోట కట్టను ఎవరో శ్రద్ధగా చూసుకుంటున్నారని అర్థం. డౌలా అరిగిపోయి, దారి నీళ్ల వైపుకు ఒరిగిందంటే అక్కడ సైకిలు నెమ్మది చేయాలి.

ఈ కాల్వకు నీళ్లిచ్చే నాగార్జునసాగర్ డ్యాముకు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న. ఇందిరా గాంధీ కాల్వలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. కుడి కాల్వకు జవహర్ పేరు, ఎడమ కాల్వకు లాల్ బహదూర్ పేరు పెట్టారు. అంతటి డ్యామును రాతితో కట్టాలనుకోవడానికి ఒక కారణం యంత్రాలకు డబ్బు లేకపోవడం, చేతులకు కొదవ లేకపోవడం. ఆ చేతుల ప్రస్తావన వస్తే పక్క జిల్లా పేరు ఎత్తక తప్పదు. దేశంలో ఎక్కడ డ్యాము కట్టినా, కాల్వ తవ్వినా పాలమూరు కూలీ ఉంటాడన్న మాట ఊరికే పుట్టలేదు. పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, పల్లెల్లో గుంపు మేస్త్రీలు అడ్వాన్సు ముట్టజెప్పి కుటుంబాలకు కుటుంబాలనే పనికి తోలుకుపోయేవాళ్లు. మట్టి పనికి కూలి కట్టే పద్ధతి కూడా చూడదగ్గది: తవ్విన గుంత నడుమ కొంత మట్టిని దిమ్మెలా అట్లే వదిలేస్తారు, దాని ఎత్తు కొలిచి, ఎంత లోతు తీశారో లెక్కగట్టి డబ్బులిస్తారు. సొంత ఊరి కాల్వలకు నీళ్లు రాక ముందే పరాయి ఊళ్ల కాల్వలు తవ్వినవాళ్లు వీళ్లు. శిలాఫలకాల మీద మంత్రుల పేర్లుంటాయి. మట్టాన్ని తప్పకుండా పట్టినవాళ్ల పేర్లు ఉండవు.

నీళ్లు పోయే దిశలో తొక్కితే కుడి చేతి వైపు కృష్ణ దాకా వరి. ఎడమ చేతి వైపు బండలు, తాటిచెట్లు, పత్తి. కట్టే సరిహద్దు. ఎడమ వైపున కూడా వరి కనిపిస్తే అక్కడ ఒక లిఫ్టో, రైతు మోటారో ఉందని అర్థం. నీళ్లు తమంత తాము అటు ఎక్కలేదు. మిర్యాలగూడ చుట్టూ అన్ని రైసు మిల్లులు ఎందుకు వచ్చాయో పుస్తకం చదవకుండానే తెలిసిపోతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి దాటుడు చోట్లు. నల్లగొండ మిట్టల మీది వాగులన్నీ దక్షిణంగా కృష్ణకు దిగుతాయి. కాల్వ వాటికి అడ్డంగా ఈశాన్యానికి పోతుంది. ప్రతి వాగు దగ్గరా ఒక ఒప్పందం కుదరాలి. చిన్న వాగైతే కాల్వ కడుపు కింద తూములాంటి సొరంగం కట్టి పంపేస్తారు, దీన్ని అందరూ యూటీ (అండర్ టనెల్) అనే అంటారు. వాగు మట్టం ఎక్కువైతే దాన్నే కాల్వ మీదుగా దాటిస్తారు. హాలియా వాగు, మూసీ లాంటి పెద్దవాటి మీద మాత్రం కాల్వే వంతెనెక్కుతుంది. అక్విడక్టు మీద నిలబడితే కింద ఒక నది, పైన ఇంకో నది, రెండూ ఒకదానికొకటి తగలకుండా పోతుంటాయి. వెడల్పు కాల్వను ఇరుకు తొట్టిలోకి సర్దడానికి ముందు గోడలు మెల్లగా దగ్గరవుతూ వస్తాయి, దాటాక మళ్లీ మెల్లగా విచ్చుకుంటాయి. నీటి వడి పెరగడం, తగ్గడం ఆ గోడల మధ్య కంటికే కనిపిస్తుంది. పాలేరు దగ్గర పద్ధతి వేరు: కాల్వ రిజర్వాయరులోకి దిగిపోయి, అవతలి నుంచి మళ్లీ బయల్దేరుతుంది.

ఇదంతా ఎంత సున్నితమైన పనో గండ్లు చెప్తాయి. 2022 సెప్టెంబరులో నిడమనూరు మండలంలో, 2024 సెప్టెంబరు వరదల్లో నడిగూడెం మండలంలో ఎడమ కాల్వ తెగి పొలాలు, ఇళ్లు మునిగాయి. మట్టికట్టకు మట్టీ, కట్టడమూ కలిసే అతుకే బలహీనమైన చోటు. చిన్న చెమ్మ, చిన్న బీట దగ్గర మొదలై తెల్లారేసరికి కట్టే పోతుంది. రోజూ ఆ దారిన నడిచి చెమ్మ చూసే లస్కరు కూడా ఈ పనితనంలో భాగమే, ఆ ఉద్యోగాలు తగ్గిపోతుండటం మంచిది కాదు.

ఫ్రాన్సులో ఇలాంటి దారులకు ఎంతో గౌరవం ఉంది. పియేర్ పాల్ రికే 1666లో మొదలుపెట్టించిన కెనాల్ డు మిడి 1681లో పూర్తయింది, 240 కిలోమీటర్లు. గుర్రాలతో పడవలు లాగించిన ఒడ్డుబాట మీద ఇప్పుడు సైకిళ్లు తిరుగుతున్నాయి. అక్కడి నదీలోయల్లో మూతపడ్డ రైలు మార్గాలను కూడా సన్న కంకర పరిచి, మోటారు వాహనాలు రాకుండా సైకిళ్లకు వదిలారు. రికే పని 1996లో యునెస్కో జాబితాకెక్కింది, అర్హమైనదే. కానీ పడవల కాల్వకు లాకులున్నాయి. మెట్టు మెట్టుగా మిట్టనెక్కి మళ్లీ దిగొచ్చు. సాగునీటి కాల్వకు ఆ వెసులుబాటు లేదు. తల దగ్గర ఉన్న ఎత్తును పొదుపుగా ఖర్చు పెట్టుకుంటూ చివరి దాకా పోవాలి. మట్టం విషయంలో మనవాళ్ల పరీక్షే గట్టిదని నా లెక్క.

పోవాలనుకునేవాళ్లకు రెండు మాటలు. గ్రావెల్ సైకిలు లేకపోయినా ఫర్వాలేదు, లావు టైర్ల మామూలు సైకిలు చాలు. సర్కారు తుమ్మ ముళ్లు మాత్రం ఎవరినీ వదలవు, అదనపు ట్యూబు, పంచరు సామాను పెట్టుకోండి. వాన వెలిసిన వెంటనే పోకండి, మొరంలో బంక చక్రానికి చుట్టుకుంటుంది. చీకటి పడ్డాక కట్ట మీద ఉండకండి. కాంక్రీటు లైనింగు వేసిన చోట కాల్వలోకి దిగొద్దు. ఆ నునుపు వాలు మీద ఈత వచ్చినవాడికి కూడా పట్టు దొరకదు.

నీటిపారుదల శాఖకు ఒక మనవి: అభివృద్ధి పేరుతో ఈ కట్టకు తారు వేయకండి. తారు వేస్తే ఇసుక లారీలు వస్తాయి, కట్ట మీద పడ్డ బీటలు తారు కింద దాక్కుంటాయి. ఏటా వానాకాలం నీళ్లు వదిలే ముందు ఒక పొర మొరం పోయించి, డౌలా సరిచేయించి, అక్విడక్టుల మీద కడ్డీలు పెట్టించండి, చాలు.