తిరగేసి చూసిన పొట్లం

మా అమ్మ పోచంపల్లి చీర కొనేటప్పుడు ముందువైపు చూడదు. దుకాణంలో మడత విప్పగానే తిరగేస్తుంది. నూలుకే ముందుగా రంగులద్ది నేసే చీర గనుక, అసలుదైతే రెండు పక్కలా పువ్వు ఒకేలా కనబడుతుంది. అచ్చు కొట్టినదైతే వెనకవైపు వెలవెలబోతుంది. మిరపకాయ తొడిమ విరిచి వాసన చూస్తుంది, చింతపండు వేళ్ల మధ్య నొక్కుతుంది, కందిపప్పు అరచేతిలో పోసుకొని ఊదుతుంది. ఇంత చూసి కొనే మనిషి యాభై ఏళ్లుగా చాయపత్తిని మాత్రం ఏమీ చూడకుండానే కొన్నది. పూటకు రెండు గ్లాసులు, చుట్టాలొస్తే ఇంకో రెండు.

పోయిన ఏడాది రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని, మోకాళ్లు పట్టేస్తున్నాయని డాక్టరు దగ్గరికి తీసుకుపోతే చాయ్ తగ్గించమన్నారు. తగ్గించమంటే అమ్మకు అన్నం మానెయ్యమన్నట్టే వినిపించింది. చాయ్ లాంటిదే ఇంకేదైనా ఉందా అని నా వెతుకులాట అక్కడ మొదలైంది.

మాది మునుగోడు వైపు పల్లె. ఆ వైపు పుట్టినవాళ్లు తాగే వస్తువు గురించి రాస్తే ముందు నీళ్ల గురించి రాయాలి. మా నేల కింద ఉన్నది గులాబీ రంగు గ్రానైటు. ఆ రాళ్లలోని ఫ్లోరైడు బోరు నీళ్లలో కరుగుతుంది. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మా పల్లెల్లో అంతకు ఎన్నో రెట్లున్న నీళ్లు తాగి పళ్లు గారపట్టినవాళ్లను, నడుములు వంగినవాళ్లను చూస్తూ పెరిగాం. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి ఏకంగా 480 మంది పోటీలో నిలిచారు, వాళ్లలో చాలామంది ఈ గోస దేశానికి తెలియాలని దిగినవాళ్లే. నీళ్లలోంచి ఫ్లోరైడును పటిక, సున్నంతో తీసే పద్ధతికి ప్రపంచమంతటా మా జిల్లా పేరే ఉంది. అలాంటి కారణంతో ఊరి పేరు పుస్తకాలకెక్కడం నాకెప్పుడూ బాధగానే ఉంటుంది.

చాయపత్తి సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడును పీల్చుకొని ఆకుల్లో దాచుకుంటుంది. చిగురులో తక్కువ, ముదురు ఆకులో ఎక్కువ. ముదురు ఆకుతో చేసిన నాసిరకం పొడిని బోరు నీళ్లలో వేసి పొయ్యి మీద గంటసేపు మరిగించామంటే, నీళ్లు ఆవిరవుతాయి గాని ఫ్లోరైడు ఎక్కడికీ పోదు, ఉన్న నీళ్లలోనే చిక్కబడుతుంది. మిషన్ భగీరథ నల్లాలు రాకముందు మా ఇళ్లలో జరిగింది ఇదే. నీళ్లను అనుమానించాం గాని గ్లాసులోని పొడిని ఎవరం అనుమానించలేదు.

మా అక్క ఉండేది మహబూబ్‌నగర్‌లో, ఆమె కూతురు జోహానెస్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తుంది. ఫోన్లో విషయం చెబితే, "అమ్మమ్మకు రూయిబోస్ తాగించండి, ఇక్కడ అందరూ పాలు పోసుకొనే తాగుతరు" అన్నది. రూయిబోస్ అంటే అక్కడి ఒక భాషలో ఎర్ర పొద. తేయాకుతో దానికి చుట్టరికం లేదు. మన కంది, చిక్కుడు, తంగేడు కుటుంబానికి చెందిన మొక్క. నిద్ర చెడగొట్టే కెఫీన్ దానిలో పుట్టుకతోనే లేదు, ఒగరూ తక్కువే. ఫ్లోరైడు కూడా తేయాకుతో పోలిస్తే చాలా స్వల్పం. వంగిన ఎముకలను సరిచేసే మందు మాత్రం కాదు. అలా చెప్పి అమ్మేవాళ్ల మాట నమ్మకండి.

నేను హైదరాబాద్‌లో ఒక దుకాణంలో అందమైన డబ్బా చూసి కొనుక్కొచ్చాను. అమ్మ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది. "చీపురు పుల్లలు ఉడకబెట్టినట్టున్నది బిడ్డా" అన్నది. తర్వాత డబ్బా అంతా చాటలో పోసి మెల్లగా చెరిగింది. చాట కొసకు సన్నటి దుమ్ము చేరింది, మధ్యలో కట్టెపుల్లలు మిగిలాయి. ఆకు అనదగ్గది పిడికెడు కూడా లేదు. పైగా వెనీలా వాసన. తాజా ఆకుకు పైపూత వాసనలు అక్కర్లేదు. పాతబడ్డ సరుకును కప్పిపుచ్చడానికి అవి బాగా పనికొస్తాయి. నేను డబ్బా ముందువైపు చూసి కొన్నాను, తిరగెయ్యలేదు.

తిరగేస్తే ఏం కనబడాలి? ముందు ఊరు. రూయిబోస్ పంట దక్షిణాఫ్రికాలోని సెడర్‌బర్గ్ కొండల వైపే పండుతుంది. క్లాన్‌విలియం ఆ పంటకు పేరుపడ్డ ఊరు. ఇసుక నేల, కొద్దిపాటి చలికాలపు వాన. దాదాపు మన పాలమూరు రైతు లాగే వానకు మొహం వాచిన రైతు పండించే పంట. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట చీరల పేర్లకు మనకు భౌగోళిక గుర్తింపు ఉన్నట్టే, రూయిబోస్ పేరుకు 2021లో యూరోపియన్ యూనియన్ రక్షణ ఇచ్చింది. అందుకని పొట్లం మీద దక్షిణాఫ్రికా పేరు లేకపోతే అక్కడే పెట్టేసి రావచ్చు. తర్వాత దిగుమతి చేసుకున్నవాళ్ల పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు. చిన్న అక్షరాలే, కానీ కళ్లద్దాలు తీసి తుడుచుకొని చదవాల్సినవి. పదార్థాల జాబితాలో ఒక్క రూయిబోస్ తప్ప ఇంకేమీ ఉండకూడదని నా పట్టుదల.

ఆకు దాకా వస్తే, అది ఎలా తయారవుతుందో తెలిస్తే చూడటం తేలిక. సూదుల్లాంటి ఆకులున్న పచ్చటి కొమ్మలను ఎండాకాలంలో కోస్తారు. సన్నగా తరిగి, నలిపి, నీళ్లు చిలకరించి కుప్పపోస్తారు. ఆ కుప్ప వేడెక్కి, కొన్ని గంటల్లో పచ్చదనం పోయి ఎరుపెక్కుతుంది. తేనె లాంటి వాసన లేచాక పల్చగా నేర్పి ఎండబెడతారు. మన కల్లంలో మిరపకాయ నేర్పినట్టే. కుప్ప సరిగా మాగకపోతే ఆకులో అక్కడక్కడా పచ్చ పలుకులు మిగులుతాయి. నిల్వ ఎక్కువైతే రంగు బూడిదబారి వాసన పోతుంది. మంచి ఆకు అంతా ఒకే ఇటుక రంగులో, ఒకే పొడవు తరుగుతో, పుల్లలు తక్కువగా ఉంటుంది. సన్నపొడి ఎక్కువగా దారం కట్టిన చిన్న సంచుల్లోకి పోతుంది. అందుకే నేను విడి ఆకే కొంటాను, కంటికి కనబడుతుంది గనుక. మాగబెట్టకుండా వెంటనే ఎండబెట్టిన పచ్చ రకం కూడా ఉంది. దాని రుచి గడ్డిని గుర్తుచేస్తుంది, మా ఇంట్లో సాగలేదు.

ఈ పంట కథలో నాకు బాగా ఇష్టమైన ముక్క ఒకటుంది. ఒకప్పుడు కొండల్లో దానంతటదే పెరిగిన పొదలనే కోసేవారు. 1930 ప్రాంతంలో లే ఫ్రాస్ నార్టియె అనే క్లాన్‌విలియం వైద్యుడు సాగు చేసి చూద్దామంటే విత్తనం దొరకలేదు. కాయ పగిలి గింజ ఎటో ఎగిరిపోయేది. చివరికి చీమలు మోసుకుపోయి దాచుకున్న గింజలను పుట్టల్లోంచి ఏరి సాగు మొదలుపెట్టారని చెబుతారు. కరువులో ఎలుక బొక్కలు తవ్వి వడ్లు తీసుకున్న ముచ్చట మా అవ్వ చెప్పేది. ఆ కొండల మీది మనుషులు నాకు దూరపువాళ్లు అనిపించలేదు. ఆ పొద గుణం మొదట కనిపెట్టింది అక్కడి ఖోయ్, సాన్ ఆదివాసులు. ఆ వ్యాపారంలో వాళ్లకూ వాటా ఇస్తామన్న ఒప్పందం 2019లో గాని కుదరలేదు.

మేనకోడలు సంక్రాంతికి వచ్చినప్పుడు రెండు పొట్లాలు తెచ్చింది. అమ్మ కత్తిరించి ముందు ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత చాట. ఈసారి చాట నిండా ఆకే. గ్లాసు నీళ్లకు ఒక చెంచా వేసి సన్న సెగ మీద ఏడెనిమిది నిమిషాలు మరగనిచ్చాం. ఎంత మరిగినా చేదెక్కకపోవడం ఈ ఆకు మంచితనం, మరిగించే అలవాటున్న మన ఇళ్లకు సరిగ్గా సరిపోతుంది. హోళీకి మోదుగుపూలు ఉడకబెట్టిన గిన్నె గుర్తుందా? ఆ రంగు. వడగడితే అడుగు కనబడేంత తేటగా ఉంది. పాలు పోస్తే లేత ఇటుక రంగుకు తిరిగింది. అమ్మ తాగి, కాసేపు ఏమీ అనలేదు.

"ఎండిన తంగేడుపూల వాసనున్నది" అన్నది చివరికి.

ఆ మాట నన్ను వదల్లేదు. తమిళనాడులో, శ్రీలంకలో తంగేడుపూలను ఎండబెట్టి కాచుకొని తాగుతారు. మన రాష్ట్ర పుష్పం, పాలమూరు గుట్టల నిండా పూసేది, మనకు బతుకమ్మలోకి తప్ప గిన్నెలోకి రాదు. వేలాది మైళ్ల అవతలి పొదను ఇంత శ్రద్ధగా ఎంచుకోవడం నేర్చుకున్నాక, గట్టు మీది పొదను కూడా అలాగే చూడాలనిపించింది. రోజూ తాగేందుకు కాదు, ఆ జాతిలో విరేచనకారులైన మొక్కలు ఎన్నో ఉన్నాయి. దాని గుణం తెలిసిన వైద్యులను అడిగే తాగుతాను. రోడ్డు పక్కదీ, పత్తి చేను మందు పడ్డదీ కాకుండా, నీడలో ఎండి పసుపు చెడని పూలు ఎక్కడ దొరుకుతాయో ఇప్పుడు చూసిపెట్టుకుంటున్నాను.

మొన్న పక్కింటి వదిన వచ్చి, "నిద్ర పడుతున్నదంట గదా అత్తమ్మా, ఆ ఎర్ర చాయ్ నాకూ కొంచెం ఇయ్యి" అన్నది. అమ్మ గాజు సీసా దించింది. పొయ్యి సెగ తగలకుండా, ఎండ పడకుండా అలమార లోపలి అరలో పెడుతుంది దాన్ని. ఇచ్చేముందు చాట అందుకొని పిడికెడు ఆకు అందులో పోసింది. "ముందు చూస్కో. చూసినంకనే తీస్కపో" అన్నది.