రాడ్‌కి ఒక లెక్క, డంబెల్‌కి ఒక లెక్క

జిమ్‌లో పరిచయమైన ఇద్దరు కుర్రాళ్ల మధ్య పేరూ ఊరూ అయ్యాక వచ్చే ప్రశ్న ఒకటే. "బెంచ్ ఎంత కొడతావ్ బ్రో?" ఎనభై అంటాడు ఒకడు. "మరి డంబెల్స్?" ఇరవై ఐదు. అడిగినవాడు మనసులో కూడేస్తాడు. రెండు ఇరవై ఐదులు యాభై. రాడ్ మీద ఎనభై కిలోలు నెట్టే ఛాతీ, డంబెల్స్ దగ్గరికొచ్చేసరికి యాభైకే చతికిలబడుతుందా? వీడెక్కడో కోతలు కోస్తున్నాడనుకుంటాడు.

పాపం, చాలాసార్లు కోతేమీ ఉండదు. ఒకే మనిషి, ఒకే బెంచ్, అదే ఛాతీ అయినా రాడ్ మీద లేచినంత బరువు డంబెల్స్ జత మీద లేవదు. నార్వే పరిశోధకులు 2011లో వెలువరించిన ఒక అధ్యయనంలో కసరత్తుకు అలవాటుపడ్డ 12 మంది మగవాళ్లతో స్మిత్ మెషీన్ మీద, రాడ్ మీద, డంబెల్స్‌తో చెస్ట్ ప్రెస్ చేయించారు. ఒక్కసారి మాత్రమే లేపగలిగే గరిష్ఠ బరువు ఒక్కోదాంట్లో ఎంతో చూశారు. డంబెల్స్ జత రాడ్ కంటే 17 శాతం తక్కువ దగ్గర ఆగింది. అంటే రాడ్ మీద వంద లేపేవాడికి జత మొత్తం 83 కిలోలు, చేతికి నలభై పైచిలుకు. పట్టాల మీద నడిచే స్మిత్ మెషీన్‌లో ఇంకా ఎక్కువ లేస్తుందని అందరం అనుకుంటాం కదా, అది కూడా రాడ్ కంటే 3 శాతం కిందే ఉంది. మన చెయ్యి నిట్టనిలువు గీతలో నెట్టదు, కాస్త వంపు తిరిగి నెడుతుంది. ఆ వంపుకి మెషీన్ పట్టాలు ఒప్పుకోవు. పన్నెండు మందంటే చిన్న గుంపే, ఆ అంకెను శిలాశాసనం చేసుకోనక్కర్లేదు. అయినా రెండూ ఏళ్ల తరబడి చేసేవాళ్లను గమనిస్తే ఆ చుట్టుపక్కలే తేలతారు.

ఎందుకీ తేడా అని ట్రైనర్‌ని అడిగితే "స్టెబిలైజర్స్ వీక్ అన్నా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. భుజం కీలు చుట్టూ ఉండే చిన్న కండరాలు డంబెల్ ఊగకుండా కాపు కాస్తాయన్నది నిజమే. కానీ అసలు గుట్టు మోచేతి దగ్గరుంది. రాడ్ పట్టుకున్నప్పుడు అరచేతులు పైకి మాత్రమే నెట్టవు. మనకు తెలియకుండానే పక్కలకు, బయటివైపుకి కూడా తోస్తాయి. రాడ్ ఒకే ముక్క, పైగా గరుకు పట్టు ఉంటుంది కాబట్టి చేతులు జారవు. ఆ పక్కతోపు మోచెయ్యి చాచడానికి, అంటే ట్రైసెప్స్‌కి, పని దొరికేలా చేస్తుంది. డంబెల్‌తో అదే తోపు తోశారనుకోండి, అది పక్కకి పోయి పడుతుంది. అందుకే ముంజేయి నిలువుగా, బరువు సరిగ్గా మోచేతి మీద ఉండేలా చూసుకుంటూ పైకే నెట్టాలి. ట్రైసెప్స్ సాయం సగంలో ఆగిపోతుంది. బరువు బయటికి వాలిపోకుండా లోపలికి పట్టి ఉంచే పని బైసెప్స్ మీద పడుతుంది. నార్వే వాళ్లు కండరాల మీద ఎలక్ట్రోడ్లు అంటించి చూసినప్పుడు తేలింది కూడా ఇదే: డంబెల్స్‌తో ట్రైసెప్స్ పని తగ్గింది, బైసెప్స్ పని పెరిగింది. ఛాతీ కండరం, భుజం ముందు కండరం మాత్రం మూడింటిలోనూ ఒకేలా పనిచేశాయి.

ఈ చివరి మాటే నాకు ముఖ్యమనిపిస్తుంది. బరువు 17 శాతం తగ్గినా ఛాతీకి పడాల్సిన పని తగ్గలేదు. తగ్గిందల్లా రాడ్ ఇచ్చే సాయం. కాబట్టి ఆ తేడాను బలహీనత కింద రాసుకోవడం తప్పు లెక్క.

ఇప్పుడు మన ఎనభై కుర్రాడి సంగతి చూద్దాం. ఎనభైలో 83 శాతమంటే జత 66 కిలోలు, చేతికి 33. వాడు చెప్పింది 25. మిగతా ఎనిమిది ఏమైనట్టు? ఇంకో ప్రశ్న వేస్తే తేలిపోతుంది: ఎన్ని రెప్స్? రాడ్ మీద ఎనభై అన్నది జీవితంలో ఒక్కసారి పళ్లబిగువున లేపిన రికార్డు. డంబెల్స్ ఇరవై ఐదన్నది సోమవారం సోమవారం పదేసి రెప్స్ కొట్టే బరువు. జిమ్‌లో డంబెల్స్‌తో ఒకే ఒక్క రెప్ ఎవరూ పరీక్షించుకోరు, పరీక్షించుకోకూడదు కూడా. అమెరికన్ కోచ్ బాయిడ్ ఎప్లీ పేరు మీద ఒక అంచనా సూత్రం వాడుకలో ఉంది. రెప్స్‌ని ముప్పైతో భాగించి, ఒకటి కలిపి, బరువుతో గుణిస్తే ఒక్క రెప్‌కి లేవగల బరువు వస్తుంది. జత యాభై కిలోలు, పది రెప్స్. గుణించి చూడండి, 66 కిలోల పైన వస్తుంది. వాడు చెప్పిందాంట్లో ఒక్క కిలో కూడా అబద్ధం లేదు.

అబద్ధాలకు చోటు వేరే దగ్గరుంది. ఏడడుగుల ఒలింపిక్ రాడ్ ఇరవై కిలోలుంటుంది. మన గల్లీ జిమ్‌లలో ఐదడుగులవీ ఆరడుగులవీ రకరకాల రాడ్లు ఉంటాయి. వాటి బరువెంతని అడిగితే "పదో పన్నెండో ఉంటుంది" అంటారు. దాన్నీ ఇరవై కిందే కట్టి చెప్పేవాళ్లు కొందరు, రాడ్‌ని లెక్కలోకే తీసుకోకుండా ప్లేట్లే చెప్పేవాళ్లు కొందరు. ఇక సపోర్ట్ ఇచ్చేవాడి ముచ్చట చెప్పనక్కర్లేదు. "నువ్వే నువ్వే, నేను పట్టుకోలేదు" అని అరుస్తూనే రెండు చేతులా రాడ్‌ని లాగుతుంటాడు. ఆ సెట్‌లో ఎవరి కండరం పెరిగిందో చెప్పడం కష్టం. డంబెల్స్‌తో ఈ మోసానికి అంత వీల్లేదు, బరువు దాని తల మీదే రాసి ఉంటుంది.

అయినా బలానికి కొలమానంగా ప్రపంచం పెట్టుకున్నది రాడ్‌నే. అది కూడా మరీ పాత ముచ్చటేం కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో జార్జ్ హాకెన్‌ష్మిట్ 361 పౌండ్లు, అంటే దాదాపు 164 కిలోలు, పడుకుని ఎత్తాడు. బెంచ్ మీద కాదు, నేల మీద. పెద్ద ప్లేట్లున్న రాడ్‌ని ముఖం మీదుగా దొర్లించుకుని ఛాతీ మీదికి తెచ్చుకుని నెట్టేవాళ్లు. ఆ రికార్డును 1916లో జో నార్డ్‌క్వెస్ట్ రెండే రెండు పౌండ్లతో దాటాడు. స్టాండ్లున్న బెంచ్ వచ్చాక అంకెలు పరుగందుకున్నాయి. కెనడాకు చెందిన డగ్ హెప్‌బర్న్ 1953లో 500 పౌండ్లు, పాట్ కేసీ 1967లో 600 పౌండ్లు లేపారు. జూలియస్ మాడక్స్ 2021లో ఎత్తడానికి సాయపడే బిగుతైన బెంచ్ షర్ట్ లేకుండా 355 కిలోలు లేపాడు.

బెంచ్ ప్రెస్ కొలమానం కాకముందు "ఎంత ఎత్తుతావు" అంటే నిలబడి తల పైకి ఎంత ఎత్తుతావనే. నర్తనశాలలో భీముడిగా కనిపించిన మన దండమూడి రాజగోపాలరావు గారి కాలపు వెయిట్‌లిఫ్టింగ్‌లో ప్రెస్ అంటే ఆ నిలువు ప్రెస్సే. లిఫ్టర్లు నడుం వెనక్కి వంచీ వంచీ దాన్ని సగం బెంచ్ ప్రెస్ చేసేశారు. తప్పొప్పులు తేల్చలేక 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ తర్వాత దాన్ని తీసేశారు. అదే ఏడాది అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య పుట్టింది, అందులో బెంచ్ ప్రెస్‌కి పీట వేశారు. పారాలింపిక్స్ పవర్‌లిఫ్టింగ్‌లోనైతే ఉన్నది బెంచ్ ప్రెస్ ఒక్కటే. 2016 రియోలో ఇరాన్‌కి చెందిన సియామంద్ రహ్మాన్ 310 కిలోలు లేపింది అందులోనే. అంతర్జాతీయ సమాఖ్య పోటీల్లో రాడ్ ఛాతీకి తగిలి కదలకుండా ఆగాలి, రిఫరీ "ప్రెస్" అన్నాకే నెట్టాలి. చూపుడువేళ్ల మధ్య దూరం 81 సెంటీమీటర్లు దాటకూడదు. 2023 నుంచి మోచెయ్యి కనీసం భుజం ఎత్తుకైనా దిగాలన్న నిబంధన కూడా వచ్చింది, నడుం ఇంద్రధనస్సులా వంచి రాడ్‌ని జానెడు కూడా కదపకుండా పతకాలు పట్టుకుపోతున్నారన్న గొడవ మీద. డంబెల్స్‌కి ఇలాంటి రిఫరీ లేడు. బాడీబిల్డర్ రోనీ కోల్‌మన్ చేతికి 200 పౌండ్ల డంబెల్‌తో చేసిన సెట్‌ని లోకమంతా చూసింది కానీ, అది ఏ పోటీ పట్టికలోకీ ఎక్కలేదు.

పద్ధతి విషయానికొస్తే రాడ్ దగ్గర సగం పని ఎత్తకముందే అయిపోతుంది. కళ్లు సరిగ్గా రాడ్ కిందికి వచ్చేలా పడుకోవాలి. వీపు మీది రెక్క ఎముకలు రెండూ దగ్గరికి లాగి బెంచ్‌కి అదిమి పెట్టాలి, అరికాళ్లు నేలకి ఆనాలి. బొటనవేలు రాడ్ చుట్టూ తిరిగి ఉండాలి. దాన్ని చుట్టకుండా పట్టే పట్టు కొందరికి హాయిగా ఉంటుంది కానీ, రాడ్ జారిందంటే పడేది మెడ మీదో ఛాతీ మీదో. దించేటప్పుడు మెడ వైపు కాకుండా ఛాతీ కింది భాగానికి దించి, నెట్టేటప్పుడు కొద్దిగా భుజాల వైపు వంపు తిరిగేలా నెట్టాలి. కింద ఉన్నప్పుడు ముంజేతులు నిలువుగా ఉంటే పట్టు వెడల్పు సరిపోయినట్టే.

డంబెల్స్ దగ్గర కష్టం వేరు. ముప్పై కిలోల జతను ఛాతీ మీదికి తెచ్చుకోవడమే ఒక విద్య. బెంచ్ చివర కూర్చుని, డంబెల్స్‌ని మోకాళ్లకి కాస్త ఇవతల తొడల మీద నిలబెట్టుకోవాలి. వెనక్కి వాలుతూ ఒక్కో మోకాలితో కిక్ ఇచ్చి భుజాల దగ్గరికి చేర్చుకోవాలి. చేతులతో పైకి లాక్కుందామని చూసేవాళ్లు మొదటి రెప్‌కి ముందే భుజం నొప్పి తెచ్చుకుంటారు. సెట్ అయ్యాక కూడా అంతే, మోకాళ్లు పైకి తెచ్చి, డంబెల్స్ తొడలకి ఆనించి, ఆ ఊపుతో లేవాలి. అలిసిపోయిన చేతుల్ని పక్కలకు వదిలేసి డంబెల్స్ టైల్స్ మీద పడేస్తే ఓనర్ అరుస్తాడన్నది చిన్న సంగతి, భుజం వెనక్కి మెలిపడుతుందన్నది పెద్ద సంగతి.

పైకి తెచ్చాక రెండు డంబెల్స్ తలలు టకటకా కొట్టించి, ఛాతీ మధ్యలో గీత పడుతుందని నమ్మేవాళ్లున్నారు. బరువు లాగేది కిందికే, పక్కలకు కాదు. చేతులు నిలువుగా చాచి ఉన్నప్పుడు భారమంతా ఎముకల మీద కూర్చుంటుంది, ఛాతీకి అక్కడ విశ్రాంతి. డంబెల్స్ గొప్పతనం కింది చివర ఉంది. రాడ్ ఛాతీకి తగిలి ఆగిపోతుంది. డంబెల్స్‌కి అడ్డం లేదు, ఇంకో రెండు మూడు అంగుళాలు దిగి కండరం బాగా సాగుతుంది. భుజం ఒప్పుకున్నంత వరకే సుమా.

డంబెల్స్ రెండో గొప్పతనం ఎడమ చెయ్యి దగ్గరుంది. రాడ్ ఒక కాడి లాంటిది. జోడెద్దుల్లో ఒకటి నీరసంగా ఉన్నా రెండోది లాగేస్తుంది, బండి నడుస్తుంది. డంబెల్స్‌లో కాడి లేదు. కుడిచేతివాటం వాళ్లలో చాలామందికి ఎనిమిదో రెప్ దగ్గర ఎడమ మోచెయ్యి వణకడం మొదలవుతుంది. కుడి చేత్తో ఇంకో రెండు కొట్టగలిగినా సెట్ అక్కడే ఆపేయాలి. కొన్ని నెలలు ఇలా చేసినవాళ్లకి రాడ్ ఒకవైపు ఒరగడం తగ్గుతుంది.

సొంత లెక్క చూసుకునేవాళ్లకి నేను చెప్పేదొకటే: రెండింటినీ ఎనిమిదేసి రెప్స్ దగ్గర పోల్చుకోండి. జత బరువు రాడ్ బరువులో మూడు పాతికల కంటే బాగా కింద ఉంటే, రాడ్‌ని ఛాతీ మీద బంతిలా ఎగరేస్తున్నారేమో, లేదా డంబెల్స్‌కి ఇంకా అలవాటు పడలేదేమో చూసుకోవాలి. రెండూ దాదాపు సమానంగా ఉంటే సంబరపడకండి, రాడ్ పట్టే పద్ధతి ఇంకా రాలేదన్నమాట. డంబెల్స్‌తోనే పెరిగినవాళ్లు మొదటిసారి రాడ్ కిందికి వెళ్తే ఇలాగే జరుగుతుంది, కొన్ని వారాల్లో అంకె సర్దుకుంటుంది. ఒంటరిగా చేసేవాళ్లకి, సేఫ్టీ స్టాండ్లు లేని జిమ్‌లో అయితే, నా ఓటు డంబెల్స్‌కే. లేవని డంబెల్‌ని పక్కకి దించేయొచ్చు, లేవని రాడ్ కింద ఇరుక్కుంటే అరవడానికి కూడా ఊపిరి ఆడదు.

బరువు పెంచే దగ్గర మాత్రం డంబెల్స్ సతాయిస్తాయి. రాడ్ మీద అరవై నుంచి అరవై రెండున్నరకి వెళ్లడం నాలుగు శాతం మెట్టు. ఇరవై కిలోల డంబెల్ నుంచి ఇరవై రెండున్నరకి వెళ్లడం పన్నెండున్నర శాతం. అందుకే డంబెల్స్‌లో ముందు రెప్స్ పెంచాలి. ఎనిమిదితో మొదలుపెట్టి, మూడు సెట్లలోనూ పన్నెండు వచ్చాకే తర్వాతి జత ముట్టుకోవాలి. అప్పుడు మళ్లీ ఏడో ఎనిమిదో దగ్గరికి పడిపోతారు, పడిపోవాలి కూడా. చాలా జిమ్‌లలో ర్యాక్ నలభై దగ్గర అయిపోతుంది. అక్కడిదాకా వచ్చినవాళ్లు బరువైన సెట్లు ముందు రాడ్ మీద చేసుకుని, డంబెల్స్‌ని తర్వాత ఇంక్లైన్ మీదికి మార్చుకుంటే అదే నలభై మళ్లీ బరువుగా తోస్తుంది.